నాన్న పౌచ్, ఒక ట్రాన్స్‌పోర్ట్

సీడీ ట్రాన్స్‌పోర్ట్ కొంటున్నానని చెప్తే నాన్న, “ఏంట్రా, ఇంగ్లండొచ్చి నవతా వాళ్లకి పోటీ పెడతావా?” అన్నారు. నవ్వుకున్నాం గానీ, ఆ మాటకన్నా మంచి వివరణ నాకు ఇప్పటిదాకా ఎక్కడా కనపడలేదు. నవతా వాడి పని మూట విప్పడం కాదు. భీమవరంలో ఎక్కించింది ఎక్కించినట్టు హైదరాబాదులో దించడం. సీడీ ట్రాన్స్‌పోర్ట్ పనీ అదే. డిస్కు మీదున్న అంకెల్ని చదివి ఒక తీగలో పెట్టి పంపేస్తుంది, అంతే. ఆ మూట విప్పి శబ్దంగా మార్చే పని డాక్ అనే ఇంకో సరుకుది. మామూలు సీడీ ప్లేయర్లో ఈ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. నా యాంప్లిఫయర్లో డాక్ ముందే ఉంది. ఇంకో డాక్‌కి డబ్బులు తగలెయ్యడం ఎందుకు, ఉత్త ట్రాన్స్‌పోర్ట్ చాలనుకున్నాను.

“ఈ రోజుల్లో సీడీలేంటి?” అని మీరు అడగబోతున్నారని తెలుసు. మా ఆవిడ మీకన్నా ముందే అడిగింది.

అమ్మ పోయాక నాన్న ఏటా కొన్నాళ్లు మా దగ్గర రెడింగ్‌లో ఉంటున్నారు. విజిటర్ వీసా కాబట్టి ఒక విడతకి ఆరు నెలలు దాటకూడదు. ఈసారి ఆవకాయ బరువులో కోత పెట్టి మరీ, జిప్పున్న నల్ల పౌచ్ ఒకటి తెచ్చారు. అందులో 64 సీడీలు. నాన్నకి ఫోన్లో పాటలు పెట్టుకోవడం రాదని కాదు, వస్తుంది. కానీ యాప్ అప్‌డేట్ అయినప్పుడల్లా బొత్తం చోటు మారుతుంది. పాత పాట అడిగితే ఎవరో కుర్రాళ్లు చేసిన రీమిక్స్ వస్తుంది. పైగా ఆయన చెయ్యి కొంచెం వణుకుతుంది, ఒకటి నొక్కబోతే ఇంకోటి పడుతుంది. నేను మీటింగ్‌లో ఉన్నప్పుడు వచ్చి తలుపు దగ్గర ఒక్క నిమిషం నిలబడి, ఏమీ అనకుండా వెనక్కి వెళ్లిపోయేవారు. అది చూడలేకపోయాను. సొంతింట్లో పాట పెట్టుకోడానికి ఎవర్నీ అడగక్కర్లేని మనిషి, కొడుకింట్లో అడగాల్సి రావడం ఏంటి?

సరే, పౌచ్ సంగతి. అందులో మూడు జాతుల డిస్కులున్నాయి. మొదటివి కంపెనీ వాళ్లు అచ్చేసిన అసలు సీడీలు. ఇళయరాజా, బాలమురళి, నేదునూరి అన్నమయ్య కీర్తనలు, శంకరాభరణం. రెండోవి బస్టాండుల్లో అమ్మిన ఎంపీత్రీ డిస్కులు. ఒకే డిస్కులో వంద పాటలు, అట్ట మీద ఘంటసాల బొమ్మ. 2000ల్లో తెలుగునాట పెరిగిన ఎవరింట్లోనైనా ఇవి కనీసం పది ఉండి తీరతాయి. ఇక్కడొక మెలిక ఉంది, ట్రాన్స్‌పోర్ట్ కొనే తెలుగువాళ్లు ముందే తెలుసుకోవాల్సింది. ఎంపీత్రీ డిస్కు ఆడియో సీడీ కాదు, అది ఫైళ్లున్న డేటా డిస్కు. కొన్ని ట్రాన్స్‌పోర్టులు ఆడియో సీడీ తప్ప ఇంకోటి పెడితే మొహం తిప్పుకుంటాయి. ఇంగ్లీషు రివ్యూలు రాసేవాళ్లకి ఘంటసాల వంద పాటల బాధ ఉండదు కాబట్టి ఈ ముక్క ఎక్కడో అడుగున చిన్నక్షరాల్లో ఉంటుంది. నేను మాత్రం దీని కోసం ట్రాన్స్‌పోర్ట్ ఎంపిక మార్చుకోలేదు. ఆ ఫైళ్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఎంపీత్రీ ఎక్కడ్నించి మోగినా ఎంపీత్రీయే.

మూడో జాతి, ఇంట్లో రాయించిన సీడీ-ఆర్‌లు. మొత్తం మూడే. రెండు మా చెల్లెలి పెళ్లివి. మూడోది పెద్దత్తయ్యది.

పెద్దత్తయ్య కచేరీలు చేసిన మనిషి కాదు. పెళ్లికి ముందు పన్నెండేళ్లు సంగీతం నేర్చుకుంది, పెళ్లయ్యాక వంటింట్లో పాడింది. 90ల్లో ఒక సంక్రాంతికి మా ఇంటికొచ్చినప్పుడు నాన్న టేప్ రికార్డర్ పెట్టి పాడించారు. 2005లో భీమవరంలో ఒక స్టూడియోలో ఆ క్యాసెట్టుని సీడీ మీదకి మార్పించారు. పదకొండు త్యాగరాజ కీర్తనలు. క్యాసెట్టు ఇల్లు మారినప్పుడు పోయింది, అత్తయ్య ఆ తరవాత రెండేళ్లకి పోయింది. ఆ గొంతుకి ఇప్పుడు మిగిలిన ఆధారం ఆ ఒక్క డిస్కు. అది మొదటి ఎనిమిది పాటలు బాగానే పాడుతుంది, తొమ్మిదో దాంట్లో తడబడుతుంది, పదకొండోది చాలా యంత్రాల్లో అసలు మొదలవ్వదు.

ఎందుకిలా అవుతుందో కొంచెం చెప్తాను, విసుగనిపిస్తే దాటేయండి. అచ్చేసిన సీడీలో పాట అంటే ప్లాస్టిక్కులో పోతపోసిన గుంటలు, వాటిమీద అల్యూమినియం పూత. ఆ గుంటల వరస లోపలి అంచు దగ్గర మొదలై చుట్టలు చుట్టుకుంటూ బయటికి వస్తుంది. చుట్టకీ చుట్టకీ మధ్య దూరం 1.6 మైక్రాన్లు. నిండు డిస్కులో ఆ గీతని విప్పి పరిస్తే 5 కిలోమీటర్లు దాటుతుంది, భీమవరం నడిబొడ్డు నుంచి ఊరి బయటి చేపల చెరువుల దాకా అనుకోండి. చదివే వేగం మారకుండా ఉండాలి కాబట్టి డిస్కు లోపల నిమిషానికి సుమారు 500 చుట్లు తిరిగి, బయటికొచ్చేసరికి 200కి తగ్గుతుంది. సీడీ-ఆర్‌లో గుంటలుండవు. ఒక రంగు పొర ఉంటుంది, లేజర్ దాన్ని కాల్చి మచ్చలు పెడుతుంది. ఎండా వేడీ తగిలితే ఆ రంగు మెల్లగా చెడిపోతుంది. మన ఊరి వేసవికి పదిహేనేళ్లు తట్టుకోవడమే గొప్ప. పౌచ్‌లోంచి తీసి పెట్టేటప్పుడు వేళ్లు తగిలేది బయటి అంచుకే. పదకొండో పాట ఉండేదీ అక్కడే.

1982లో సీడీని తెచ్చిన సోనీ, ఫిలిప్స్ ఇంజనీర్లు ఇలాంటివి ముందే ఊహించారు. అంకెల్ని వరసగా రాయకుండా, చెల్లాచెదురు చేసి, సరిచూసుకునే అంకెలు కలిపి రాశారు. డిస్కు మీద దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల పొడవున ఏమీ చదవడం కుదరకపోయినా, పోయినవన్నీ లెక్కకట్టి తెచ్చుకోవచ్చు. అంతకు మించి పోతే ప్లేయర్ అటుపక్క అంకెనీ ఇటుపక్క అంకెనీ చూసి మధ్యలోది ఊహించి నింపుతుంది. అదీ కుదరకపోతే ఒక్క క్షణం నోరు మూసుకుంటుంది. ఇంజనీరింగ్‌లో ఈ కోడ్ గురించి నాకు ఒక పేపర్లో పదహారు మార్కులకి వచ్చింది. పాఠం చెప్పిన మాస్టారు సీడీ పేరు ఎత్తినట్టు గుర్తు లేదు.

ఇదంతా తెలిశాక ట్రాన్స్‌పోర్ట్ అమ్మేవాళ్ల భాష చదివితే నవ్వొస్తుంది. ఒకదాని శబ్దం “వెచ్చగా” ఉంటుందట, ఇంకోదానిలో “స్టేజి విశాలంగా” వినిపిస్తుందట. అయ్యా, సెకనుకి ఒక్కో ఛానల్‌కి 44,100 అంకెలు, ఒక్కోటి 16 బిట్లు. రెండు యంత్రాలూ తప్పు లేకుండా చదివితే రెండిట్లోంచీ అవే అంకెలు వస్తాయి. వచ్చే టైమింగ్‌లో ఇసుమంత తేడా ఉండొచ్చు, దాన్నే జిట్టర్ అంటారు. పాతకాలపు డాక్‌లకి అదొక సమస్యే. ఇప్పటి డాక్‌లు చాలావరకు వచ్చిన అంకెల్ని తమ గడియారానికి సర్దుకుంటాయి. నా చెవికి బాగున్న డిస్కుతో 400 పౌండ్ల ట్రాన్స్‌పోర్టుకీ పాత డీవీడీ ప్లేయర్‌కీ తేడా తెలియలేదు. తెలిసినవాళ్లు ఉంటే ఉండొచ్చు, వాళ్లతో గొడవ లేదు. కానీ నా డబ్బు “వెచ్చదనం” కోసం కాదు. మూటలో చిరుగులున్నప్పుడు ఏ లారీ సరుకు పారబొయ్యకుండా తెస్తుందో, దాని కోసం.

అందుకని ఒక శనివారం నాన్ననీ పౌచ్‌నీ తీసుకుని హై-ఫై షాపుకి వెళ్లాను. ఇక్కడ కాస్త మంచి షాపుల్లో డెమో గది ఉంటుంది, ముందే చెప్తే యంత్రాలు సిద్ధం చేసి పెడతారు. అబ్బాయి తన టెస్ట్ డిస్కు తియ్యబోతే, మా దగ్గరుందని పెద్దత్తయ్య డిస్కు ఇచ్చాను. మార్కర్‌తో తెలుగులో రాసున్న ఆ డిస్కుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కేంబ్రిడ్జ్ ఆడియో, ఆడియోల్యాబ్ లాంటి ఇక్కడి కంపెనీలవి, బయటివి, కలిపి నాలుగు పెట్టాడు. ఏది ఏం చేసిందో పేర్లతో చెప్పను. ఒక చెడిపోయిన డిస్కు చదవడాన్ని బట్టి యంత్రాల మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు, అదే మోడల్ ఇంకో పీసు వేరేలా చదవొచ్చు. ఒకటి తొమ్మిదో పాట దగ్గర ఆగిపోయింది. ఒకటి పదకొండోది మొదలుపెట్టి గెంతుకుంటూ పోయింది. రెండు మాత్రం పాడాయి. ముందుగానే కొంత చదివి దాచుకునే బఫర్ ఉన్న డిజైన్లకి ఇలాంటిచోట వీలెక్కువ. ఒకసారి కుదరకపోతే వెనక్కెళ్లి ఇంకోసారి చదివే వ్యవధి దొరుకుతుంది.

ఆ రెండిట్లో ఏది అన్నది నాన్న తేల్చేశారు. ఒకటి సన్నటి సందులోకి డిస్కుని లాక్కునేది, రెండోది పళ్లెం బయటికొచ్చేది. సందులోకి డిస్కు వెళ్లిపోగానే నాన్న కంగారుపడ్డారు. “మింగేసిందేంట్రా! కరెంటు పోతే ఎలా తీస్తాం?” రెడింగ్‌లో కరెంటు పోదు నాన్నా అనబోయి ఊరుకున్నాను. ఆయనది అనుమానం కాదు, అనుభవం. పైగా వణికే చేతికి పళ్లెమే నయం. గుండ్రటి పల్లంలో వదిలితే డిస్కు తనే సర్దుకుంటుంది, సర్దుకుందని కంటికి కనిపిస్తుంది. ముందు పలకమీద ట్రాక్ అంకె పెద్దదిగా కనపడాలన్నది నా షరతు. రిమోట్ లేకుండానే అన్నీ అయ్యేలా బొత్తాలుండాలన్నది ఆయన షరతు.

సెకండ్‌హ్యాండ్ సంగతి కూడా ఆలోచించాను. ఫిలిప్స్ వాళ్ల పాత స్వింగ్ ఆర్మ్ మెకానిజం ఉన్న 80ల ప్లేయర్లంటే నాకు ముచ్చట. పోత లోహంతో చేసినవి, గడియారం లోపల చూసినట్టుంటుంది. కానీ లేజర్ అనేది అరిగే వస్తువు. అది పోయిన రోజున దాని చోట పెట్టడానికి ఇంకోటి కావాలి. ఆ పాత మెకానిజాలు చెయ్యడం ఎప్పుడో ఆపేశారు, దొరికేవి ఇంకో చచ్చిన ప్లేయర్లోంచి పీకినవి. నేను కొన్నదాని వారంటీ ఎన్నాళ్లు, లేజర్ మార్చాలంటే ఎవరు మారుస్తారు అని షాపులో అడిగి రాయించుకున్నాకే కార్డు తీశాను. మిగతా ప్రశ్నలన్నిటికన్నా ఇది ముఖ్యమైనదని నా అభిప్రాయం.

తీగ గురించి రెండు ముక్కలు. కోయాక్సియల్, ఆప్టికల్ అని రెండు దారులుంటాయి. 75 ఓమ్‌ల కోయాక్సియల్ తీగ మామూలుది చాలు, వంద పౌండ్ల తీగలో వేరే అంకెలు రావు. మా ఇంట్లో మాత్రం టీవీ కూడా అదే యాంప్లిఫయర్‌కి కలిపి ఉండటంతో స్పీకర్లలో సన్నటి గుంయ్‌మనే మోత వచ్చింది. ఆప్టికల్ తీగలో పోయేది వెలుగు కాబట్టి రెండు డబ్బాల మధ్య కరెంటు దారి ఉండదు. మార్చగానే మోత పోయింది.

వచ్చిన వారానికే నాన్నకి కొత్త అలవాటు పట్టుకుంది. ఇక్కడి ఛారిటీ షాపుల్లో సీడీలు పౌండుకొకటి ఇస్తారు. వాకింగ్‌కని వెళ్లి అవి తిరగేసి వస్తున్నారు. ఒకరోజు మాండలిన్ శ్రీనివాస్ డిస్కు తెచ్చారు. 1995లో పీటర్ గేబ్రియెల్ రియల్ వరల్డ్ లేబుల్ వేసినది, మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ‘డ్రీమ్’. “పాలకొల్లు కుర్రాడు రా, ఇక్కడున్నాడు!” అని చెప్పులు విడవకుండానే హాల్లోకి వచ్చేశారు. డిస్కు తనే పెట్టుకున్నారు. నేను మీటింగ్‌లో ఉన్నాను, పాట గోడలోంచి వినిపించింది, ఎవరూ తలుపు దగ్గరికి రాలేదు. ఆ సంగీతం ఆయనకి పెద్దగా నచ్చలేదు, అది వేరే సంగతి.

ఇక పదకొండో పాట. కంప్యూటర్లోకి ఆ డిస్కు ఎక్కించబోతే, సాఫ్ట్‌వేర్ రాత్రంతా తిప్పి తిప్పి చదివి, పది పాటలిచ్చి, చివరిది చదవలేకపోయానని చెప్పేసింది. దానికి ఒక్క తప్పూ లేని కాపీ కావాలి, లేకపోతే వద్దు. ట్రాన్స్‌పోర్ట్‌కి అంత పట్టింపు లేదు, పాట ఆగకపోతే చాలు, ఖాళీలు ఊహించి పూరించుకుంటూ పోతుంది. కాబట్టి దాని డిజిటల్ అవుట్‌పుట్‌ని ఒక యూఎస్‌బీ పెట్టె ద్వారా ల్యాప్‌టాప్‌కి కలిపి, పాట మోగుతుండగానే రికార్డు చేశాను. భైరవి, ఏడు నిమిషాలు. అక్కడక్కడ అత్తయ్య గొంతు గాజుపలక వెనక నుంచి వచ్చినట్టు అవుతుంది, మళ్లీ తేరుకుంటుంది. నాలుగుసార్లు పెట్టి, అన్నిటికన్నా బాగా వచ్చినదాన్ని ఉంచాను. ఫైలు బావలిద్దరికీ పంపాను.

హైదరాబాదు బావ రెండు రోజుల తరవాత ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడాడు. చివర్లో, నాలుగో నిమిషంలో అనుపల్లవి దగ్గర ఏదో కీచుమని చప్పుడొస్తోంది, డిస్కు పాడైనందుకేనా, అది తీసెయ్యడం కుదురుతుందా అని అడిగాడు. ఫోన్ స్పీకర్ మీదుంది. పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్న నాన్న తలెత్తకుండా అన్నారు:

“తియ్యొద్దని చెప్పు. అది మీ అమ్మ పెట్టిన కుక్కర్.”