చెప్పుల కాపలా మనకేనా?

సముద్రం ఒడ్డున ఎప్పుడైనా గమనించారా? నీళ్లలో కేరింతలు కొట్టేవాళ్లకి కాస్త వెనకగా, పొడి ఇసుకలో ఓ ఆడమనిషి కూర్చుని ఉంటుంది. చుట్టూ అరడజను జతల చెప్పులు. ఒళ్లో అందరి సెల్‌ఫోన్లు, ఆయనగారి పర్సు. పక్కన టిఫిన్ డబ్బాల సంచీ. "నువ్వూ రావచ్చుగా!" అని నీళ్లలోంచి ఎవరో ఒకరు కేకేస్తారు. "మీరు కానివ్వండి, నేనిక్కడ చూస్తుంటాను" అంటుంది. ఆవిడెవరో వేరే చెప్పాలా? మీరో, నేనో, మా అమ్మో!

మా అమ్మ అని ఊరికే అనలేదు. అమ్మ పోయాక నేనూ, చెల్లీ పాత ఆల్బమ్‌లు ముందేసుకుని కూర్చున్నాం. చిన్నప్పుడు నాన్నగారు మమ్మల్ని మూడుసార్లు విశాఖపట్నం తీసుకెళ్లారు. నాన్నగారు పంచె పైకి దోపుకుని అలల్లో ఉన్న ఫోటో ఉంది. మేమిద్దరం ఇసుక గూళ్లు కడుతున్న ఫోటో ఉంది. అమ్మ కనిపించేది ఒక్కదాంట్లోనే, మా చెప్పుల పక్కన కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుతూ. "అక్కా, అమ్మ ఒక్కసారైనా నీళ్లలోకి దిగిందంటావా?" అని అడిగింది చెల్లి. ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు. అడుగుదామంటే అమ్మ లేదు.

అందుకే కిందటి జనవరిలో మళ్లీ విశాఖ ప్రయాణం అనుకున్నప్పుడు ఇంట్లో ఒక షరతు పెట్టాను. కాపలా అందరికీ వంతులవారీగా, మనిషికి అరగంట. మావారు నవ్వి "ఇదేంటి, ఆఫీసు డ్యూటీ చార్టులా?" అన్నారు. మా అబ్బాయి మూతి ముడిచాడు. అత్తగారు మాత్రం "నాకెందుకమ్మా నీళ్లు, నేను కూర్చుంటాలే" అన్నారు. ఆవిడకి డెబ్బై దాటాయి. అప్పటిదాకా సముద్రం చూడనేలేదు.

ఖమ్మంలో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో ఉంటాం. మనది తూర్పు తీరం కదా, సూర్యుడు నీళ్లలోంచే పైకొస్తాడు. పిల్లలు గొణిగినా సరే, ఒక్క ఉదయమైనా ఆ వేళకి రామకృష్ణా బీచ్‌కి వెళ్లండి. అక్కడున్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్లే ఆ పేరు. అయితే అక్కడ నడవాలి, కూర్చోవాలి, మురీ మిక్చర్ తినాలి. అంతేగానీ స్నానాలకు దిగకూడదు. లోపలికి లాగే ప్రవాహాలు ఎక్కువ. హెచ్చరిక బోర్డులు ఉన్నవి చదవడానికే!

సాయంత్రం ఆ ఒడ్డునే ఉన్న కురుసుర జలాంతర్గామి చూశాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకుని, 2002లో మ్యూజియం అయింది. లోపల డెబ్బైమందికి పైగా ఉండేవారట. గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని ఆ ఇబ్బంది పెట్టకండి. అత్తగారికి తోడుగా మావారు బయటే ఉన్నారు. అందులోని వంటగది చూడాలి మీరు! మన పూజగదంత కూడా ఉండదు. అంతమందికి అందులోనే వండారంటే, మా వంటిల్లు ఇరుకని నేను సణగడం ఆ రోజు నుంచి కాస్త తగ్గింది. రోడ్డుకి అటువైపు 2017లో తెరిచిన టీయూ-142 యుద్ధ విమానం కూడా ఉంది.

రెండో రోజు రుషికొండ. స్నానాలకి ఇక్కడే వెళ్లాం, లైఫ్‌గార్డులుంటారు కాబట్టి. అయినా ఒక సంగతి ప్రతి తల్లీ తెలుసుకోవాలి. ఒడ్డుకొచ్చిన అలల నీరు ఒక్కోచోట సన్నని పాయగా వేగంగా వెనక్కి పోతుంటుంది. ఆ చోట అలలు విరగవు, పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. మనమేమో "ఇక్కడ నెమ్మదిగా ఉంది" అని పిల్లల్ని అక్కడే దింపుతాం! అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలిసిపోతాం. ఒడ్డుకి సమాంతరంగా, పక్కకి ఈది బయటపడాలి. ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటకపోవడమే మేలు. లైఫ్‌గార్డు ఈల వేస్తే మారు మాట్లాడకుండా వచ్చెయ్యాలి.

ఆ రోజు మొదటి వంతు మావారిది. చెప్పుల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. నేను అత్తగారి దగ్గరికెళ్లి "అత్తయ్యా, చీర కాస్త పైకి దోపుకోండి" అన్నాను. "ఎవరైనా చూస్తే ఏమనుకుంటారే!" అన్నారు. ఎవరు చూస్తారు? అక్కడ అందరూ సముద్రాన్నే చూస్తున్నారు. చెయ్యి పట్టుకుని పాదాలు తడిసేదాకా తీసుకెళ్లాను. మొదటి అల వెనక్కి వెళ్తూ కాళ్లకింద ఇసుక లాగేసరికి "అమ్మో!" అని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. రెండో అలకి నవ్వారు. పాతికేళ్ల కాపురంలో ఆవిడ అలా నోరారా నవ్వడం నేను చూడలేదు. "ఇంకాసేపుందాం" అని ఆవిడే అన్నారు.

తర్వాత నా అరగంట. చేతిలో సంచీ లేకుండా, పిల్లల చెయ్యి పట్టుకోకుండా ఒడ్డు వెంట నడిచాను. జాలర్లు రెండు వరసల్లో నిలబడి అలివి వల లాగుతున్నారు. నిలబడి చూశాను. ఏమీ చెయ్యలేదు. అంతకంటే హాయి ఏముంటుంది చెప్పండి!

మూడో రోజు భీమిలి దారి. దారిలో తొట్లకొండ మీద రెండువేల ఏళ్ల నాటి బౌద్ధారామం ఉంది. వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లవల్లే ఆ పేరు. ఎర్రమట్టి దిబ్బలూ ఆ దారిలోనే. గుర్తుకని మట్టి తవ్వి తేకండి, అవి రక్షిత ప్రదేశం. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. అక్కడ పాత డచ్చివాళ్ల సమాధులు కూడా ఉన్నాయి.

మరి వెళ్లేముందు కొన్ని ఇంటి సంగతులు. పట్టుచీరలొద్దు, తొందరగా ఆరే సింథటిక్ చీరో, పంజాబీ డ్రెస్సో మంచిది. గొలుసులు, ఉంగరాలు గదిలోనే భద్రపరచండి. తడి ఇసుకని రుద్దకండి, ఆరాక కాస్త టాల్కం పౌడరు చల్లి దులిపితే రాలిపోతుంది. ఉప్పునీటి బట్టల్ని ముందు మంచినీళ్లలో జాడించండి, లేకపోతే సబ్బు నురగ రాదు. తిండి సంగతంటారా, మొదటి పూటకి పులిహోర, నాలుగు చేగోడీలు చాలు. తర్వాత కాల్చిన మొక్కజొన్న పొత్తులు, వేడి బజ్జీలు అక్కడే దొరుకుతాయి. వంటిల్లుని సంచీలో మోసుకెళ్తే అది సెలవెలా అవుతుంది?

డిసెంబరు నుంచి ఫిబ్రవరిదాకా వాతావరణం హాయిగా ఉంటుంది. అప్పుడు వెళ్లండి. చెప్పులు ఎవరైనా ఎత్తుకెళ్తే కొత్తవి కొనుక్కోవచ్చు. బయల్దేరే ముందే వంతులు మాత్రం రాసి పెట్టుకోండి. మొదటి పేరు ఆయనగారిదే సుమా!