కలుపు తీయడం మనకి కొత్తా?



ఈ పోస్టు నోటిఫికేషన్ల గురించి కాదు. మా హాస్టల్ ముందున్న లాన్ గురించి, దాని అంచున ఉన్న పూలమొక్కల పాదుల గురించి. వానలు పడ్డాక అక్కడ పువ్వుల కంటే కలుపే ఎక్కువైంది. మందు కొట్టించేద్దామని పైనుంచి మాట వచ్చింది. ఆ పాదుల పక్కనే మా మంచినీళ్ళ బోరు, బట్టలు ఆరేసుకునే తీగలు. అందుకే మేమే తీస్తామని చెప్పాం.

దీనిమీద మా గదుల్లో పెద్ద వాదనే నడిచింది. "మన అమ్మలు కలుపు కూలికెళ్ళి మనల్ని చదివిస్తున్నారు. ఇక్కడికొచ్చి కూడా కలుపే తీయాలా?" అన్నారు కొందరు. ఆ మాటలో న్యాయముంది. అందుకే ముందే షరతులు పెట్టాం. ఇది ఎవరికీ శిక్షగా వేయకూడదు. క్లాసుల టైములో, పరీక్షల ముందు ఉండకూడదు. సీనియర్, జూనియర్ తేడా లేకుండా ఆదివారం రెండు గంటలు అందరికీ వంతు. ఒప్పుకున్నారు.

ఇక పని. అన్నిటికంటే మొండిది తుంగ. పైన పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉండి మళ్ళీ మొలుస్తుంది. ఒక గడ్డకి ఇంకో గడ్డ గొలుసులా ఉంటాయి. మట్టి తడిగా ఉన్నప్పుడు గునపంతో లోతుగా లేపి, గడ్డలు ఏరి, సిమెంటు గచ్చు మీద బాగా ఎండబెట్టాం. ఎరువు గుంటలో వేస్తే అక్కడే మొలుస్తాయి. తుంగకి తేమంటే ఇష్టం, అందుకని కారుతున్న కుళాయి కూడా బాగుచేయించాం.

గరిక లాన్‌లో ఉంటే పరవాలేదు, పాదుల్లోకి పాకితేనే తంటా. రెండింటి మధ్య పారతో జానెడు లోతు కాలువ తీసి, పాదుల్లో ఎండాకులు మందంగా పరిచాం. లాన్‌ని మరీ నేలకి అంటేలా కొయ్యొద్దు. గడ్డి ఒత్తుగా ఉంటే కలుపు గింజకి వెలుతురందదు.

వయ్యారిభామతో జాగ్రత్త. దురదలు, ఆయాసం తెస్తుంది. పూత రాకముందే, చేతులకి తొడుగులు వేసుకుని, వేరుతో పీకాలి. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. ఆయాసం ఉన్నవాళ్ళని ఆ పనికి పిలవలేదు.

మందు సంగతి కూడా తెలుసుకోండి. గ్లైఫోసేట్ కలుపునే కాదు, లాన్ గడ్డినీ చంపుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో దాన్ని క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వాటిలో చేర్చింది. మన ఊళ్ళలో అదే మందుని మాస్కు లేకుండా, చెప్పుల్లేకుండా కొడుతున్నారు. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఈ మాట చెప్పండి.

ఇంకో సంగతి. పీకాల్సినవని చూపించిన వాటిలో తంటెం, పొన్నగంటి, గంగవావిలి కూడా ఉన్నాయి. అవి మనింట్లో కూరలు! వేరుగా ఏరి మెస్ అక్కకి ఇచ్చాం, పప్పులో వేసింది. పట్నం పిల్లలు కూడా మారు వడ్డించుకున్నారు.

రెండు నెలలైంది. తుంగ పూర్తిగా పోలేదు, బాగా తగ్గింది. మందు మాట మళ్ళీ రాలేదు. మీ హాస్టళ్ళలో ఇలాంటి పని చెప్తే, షరతులు ముందు మాట్లాడుకోండి, తర్వాతే గునపం పట్టండి.

జై ఆదివాసీ.