గొట్టం కలవదు, గొంతు కలవదు

1904 ఫిబ్రవరి 7, ఆదివారం. అమెరికాలోని బాల్టిమోరు నగరంలో చెలరేగిన అగ్నిజ్వాలలు స్థానిక దళాల చేయి దాటిపోయాయి. సహాయం కోరినదే తడవుగా వాషింగ్టన్ నుంచి అగ్నియంత్రాలు రైలెక్కి కొద్ది గంటలలో వచ్చి చేరాయి. మనుషులు వచ్చారు, యంత్రాలు వచ్చాయి. వీధి పక్కన నీటి హైడ్రెంట్లూ ఉన్నాయి. కాని తెచ్చిన గొట్టాల మరలు ఆ హైడ్రెంట్లకు పట్టలేదు! ముప్పై గంటలకు పైగా మండిన ఆ మంటలలో దాదాపు 1,500 భవనాలు బూడిదయ్యాయి. పిమ్మట విచారించగా, దేశంలో ఆరువందలకు పైగా రకాల గొట్టపు మరలు వాడుకలో ఉన్నట్లు తేలింది. ఏ ఊరికి ఆ ఊరు తనకు నచ్చిన కొలతను ఎంచుకున్నది. మన దేశంలో బ్రాడ్‌గేజి, మీటర్‌గేజి కలిసే జంక్షన్లలో సరుకంతా దింపి మళ్లీ ఎక్కించిన రోజులు గుర్తున్నవారికి ఈ చిక్కు కొత్తది కాదు. అయితే సరుకు ఆగుతుంది, అగ్ని ఆగదు.

మరల సంగతి ఇట్లుండగా రేడియో వచ్చింది. పాత కథ కొత్త వేషంలో మొదలైంది. ఒక ఊరి అగ్నిమాపకదళం 150 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని తరంగాలను వాడుతుంది. పక్క ఊరివారు 450. పెద్ద నగరం 800. ఒక తరగతికి చేసిన రేడియో మరొక తరగతిని వినజాలదు. ఒకే మంటకు ఎదురెదురుగా నిలిచిన ఇద్దరు అధికారులు ఒకరినొకరు చూడగలరు, పలుకరించుకోలేరు.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో ఈ లోపం ప్రాణాంతకంగా బయటపడింది. ఉదయం 9 గంటల 59 నిమిషాలకు దక్షిణ సౌధం కూలింది. ఉత్తర సౌధం కూలినది 10 గంటల 28 నిమిషాలకు. నడుమ అరగంట వ్యవధి. ఆకాశంలో తిరుగుతున్న పోలీసు హెలికాప్టర్ల హెచ్చరికలు పోలీసు రేడియోలలో వినిపించాయి. అగ్నిమాపక అధికారుల చెవిన పడలేదు. పక్క సౌధం నేలకూలిన సంగతే తెలియకుండా అనేకులు లోపల ఉండిపోయారు. ఆ దినం 343 మంది అగ్నిమాపక సిబ్బంది మరణించారు. దోషమంతా రేడియోలదే అనడం న్యాయం కాదు. వెనక్కు రమ్మన్న ఆజ్ఞ విని కూడా, నడవలేని వారిని విడిచి రాలేక ఆగిపోయినవారు ఉన్నారు.

అదే దినం పెంటగాన్ వద్ద మాత్రం ఇరుగుపొరుగు దళాలు మొదటి నుంచీ పరస్పరం మాట్లాడుకోగలిగాయి. దూరం నుంచి తరువాత వచ్చినవారికే ఇబ్బంది కలిగింది. దీనికి కారణం 19 ఏళ్ల నాటిది. 1982 జనవరిలో ఎయిర్ ఫ్లోరిడా విమానం పోటోమాక్ నదిలో కూలి 78 మంది చనిపోయినప్పుడు, పలు సంస్థల రేడియోలు కలవక రక్షణ కార్యం తడబడింది. ఆ పరాభవం ఆ ప్రాంతం మరువలేదు.

ఇక డబ్బు మాట. అమెరికా అగ్నిమాపక సిబ్బందిలో అధిక సంఖ్యాకులు జీతం లేని స్వచ్ఛంద సేవకులు. విందులు చేసి, టిక్కెట్లు అమ్మి బండికి చమురు పోయించుకునే చిన్న దళాలు ఎన్నో. చేతిరేడియో ఒక్కొక్కటి కొన్ని వేల డాలర్లు. అందుకే 2001లో ఆరంభమైన కేంద్ర గ్రాంటు వారికి పెన్నిధి. ఇరవై వేల లోపు జనాభా గల ఊరు తన వాటాగా అయిదు శాతం పెట్టుకుంటే చాలు.

కాని ఇక్కడే మెలిక ఉన్నది. పక్కవారిని అడగకుండా ప్రతి దళమూ తన డబ్బుతో తనకు నచ్చిన పరికరం కొంటే, పాత చెవుడు పోయి కొత్త చెవుడు వస్తుంది, అంతే. 2007లో ఇంచుమించు వంద కోట్ల డాలర్లు పంచినప్పుడు, ముందుగా రాష్ట్రమంతటికీ ఒక ఉమ్మడి ప్రణాళిక చూపాలని షరతు పెట్టారు. పంచిన సొమ్ము కంటె ఈ షరతే విలువైనదని చెప్పవచ్చు. ఇరుగుపొరుగు అధికారులను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టినది అదే.

ఈలోగా దుబాసీ వంటి పెట్టె ఒకటి వాడుకలోకి వచ్చింది. అటు రేడియో శబ్దాన్ని ఇటు రేడియోకు అందిస్తుంది. చక్కని ఉపాయమే, కాని దుబాసీ రావడం ఆలస్యమైతే ఇద్దరూ మూగవారే. పైగా శబ్దం కలిసినంత మాత్రాన అర్థం కలుస్తుందా? అంకెల సంకేతాలతో మాట్లాడడం ఈ దళాలకు అలవాటు. ఒక ఊరిలో ఒక అర్థమిచ్చే అంకెకు పక్క ఊరిలో వేరొక అర్థం. పలు సంస్థలు కలిసి పనిచేసేటప్పుడు సాదా ఇంగ్లీషే వాడాలన్న నియమాన్ని 2006లో కేంద్ర సహాయానికి ముడిపెట్టవలసి వచ్చింది. ఇంగ్లీషు మాట్లాడేవారిని ఇంగ్లీషులో మాట్లాడమనడానికి కూడా గ్రాంటు చూపించవలసి వచ్చిందన్నమాట!

గొట్టపు మరల మాటేమైంది? బాల్టిమోరు తరువాత జాతీయ ప్రమాణం నిర్ణయించారు. అయినా 1991లో ఓక్లాండ్ కొండల అగ్నిప్రమాదంలో 25 మంది మరణించినప్పుడు, బయటి నుంచి వచ్చిన దళాల రెండున్నర అంగుళాల గొట్టాలు అక్కడి మూడంగుళాల హైడ్రెంట్లకు పట్టలేదు. 2004లో ప్రభుత్వ ప్రమాణాల సంస్థ 48 పెద్ద నగరాల లెక్క తీసింది. జాతీయ ప్రమాణపు హైడ్రెంట్లు అమర్చుకున్నవి 18.