కలలో టైమెంత?

మైపాడు దగ్గర మా ఇంటి మేడ మీద పడుకుంటే రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. ఒకటి సముద్రం. రెండోది రొయ్యల గుంటల్లో ఏరియేటర్ల మోత. రాత్రి నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది కాబట్టి అవి తిరగాల్సిందే. మా నాయన జీవితమంతా ఒక చెవి మేల్కొనే పడుకున్నాడు. మోత ఆగితే చాలు, టార్చి పట్టుకుని గట్టు మీదికి ఉరుకు.

ఆయన పోయి రెండేళ్లు. గుంటలు లీజుకిచ్చేశాం. చివరిసారి ఆయన ఫోన్ చేసినప్పుడు నేను మీటింగ్‌లో ఉండి ఎత్తలేదు. ఎందుకు చేశాడో ఇప్పటికీ తెలీదు. కలలోకి వస్తాడు గానీ, అప్పుడు ఆయన లేడన్న సంగతే నాకు గుర్తుండదు. కరెంటు బిల్లు గురించి మాట్లాడుకుంటాం!

అందుకే లూసిడ్ డ్రీమింగ్ మీద పడ్డా. అంటే కలలో ఉండగానే ఇది కల అని తెలియడం. బాబాల కబుర్లేమో అనుకున్నా, కాదు. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ యూనివర్సిటీలో కీత్ హెర్న్ దీన్ని రికార్డు చేశాడు. రెమ్ నిద్రలో ఒళ్లు దాదాపు కదలదు, కళ్లు కదులుతాయి. అలన్ వర్స్‌లీ అనే ఆయన ముందే అనుకున్నట్టు కలలోంచి కళ్లు ఎడమకీ కుడికీ తిప్పాడు. బయట మెషీన్ మీద గీతలు పడ్డాయి. కలలోంచి పింగ్ కొట్టడమన్నమాట.

నా ప్రాక్టీసు సింపుల్. ఫోన్‌లో టైం చూడాలి, పక్కకు చూసి మళ్లీ చూడాలి. కలలో అయితే అంకెలు తరచూ మారిపోతాయి. పగలంతా అదే పని. "ఏందబ్బయా, ఊరికే టైం చూస్తా ఉండావు, ఎవురన్నా రావాలా?" అంది అమ్మ.

నెల తర్వాత ఒక రాత్రి, అలల చప్పుడూ ఏరియేటర్ల మోతా కలిసిపోయి, మెట్టు తప్పినట్టు కాలు ఎగిరిపడి, మళ్లీ నిద్రలోకి జారా. గట్టు మీద నాయన. ఫోన్ చూస్తే 2:10. మళ్లీ చూస్తే 7:45.

తెలిసిపోయింది. గుండె దడదడ. "నాయనా, ఆ రోజు ఫోన్..." అని మొదలుపెట్టా. ఆయన నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే తట్టింది, ఆయన ఏం చెప్పినా రాసేది నేనే కదా అని.

"ఏం లేదులే" అన్నా.

పక్కన కూర్చున్నా. టార్చి వెలుగులో నీళ్లు చూస్తా ఉన్నాం. ఫోన్ జేబులో పెట్టేశా.