పొలిమేర దాటని ఊరు

ఇంగ్లీషులో ఇ, వై, ఏ, ఎం అని నాలుగక్షరాలు రాసి ‘ఈమ్’ అని పలుకుతారు. షెఫీల్డులో ఉంటున్న మా తమ్ముడు బస్సెక్కేముందే చెప్పాడు, “అక్కా, అక్కడ ఏయమ్ అనకు” అని.

ఈమ్ డెర్బీషైర్ కొండల మధ్య ఒక చిన్న పల్లె. రాతి ఇళ్ళు, ఇంటింటి ముందూ పూలమొక్కలు. పేరుకి అర్థం మాత్రం ‘దీవుల దగ్గర’ అట! పాత ఇంగ్లీషులో ‘ఈగ్’ అంటే దీవి. సముద్రం ఎక్కడ, ఈ కొండలెక్కడ? రెండు వాగుల మధ్య నేలకి కూడా ఆ మాటే వాడేవారన్నమాట. మన గోదావరి వాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. లంక అనగానే సముద్రం దాటి వెళ్ళం కదా! 1086లో రాజుగారు పన్నుల కోసం రాయించిన డోమ్స్‌డే పుస్తకంలో ఈ ఊరు ‘ఐయూనె’ అని ఉంది. చర్చి ఆవరణలో ఉన్న చెక్కడపు రాతి సిలువ అంతకన్నా పాతది.

అయితే జనం ఇక్కడికొచ్చేది పేరు కోసం కాదు. 1665లో లండన్ నుంచి ఇక్కడి దర్జీ ఇంటికి బట్టల మూట ఒకటి వచ్చింది. తడిగా ఉందని ఆ ఇంట్లో ఉండే జార్జి వికర్స్ దాన్ని నిప్పు దగ్గర ఆరేశాడని చెబుతారు. బట్టల్లో ప్లేగు పురుగు మోసే గోమార్లున్నాయి. సెప్టెంబరు మొదట్లోనే అతను పోయాడు. తర్వాత ఆ ఇంట్లోవాళ్ళు, ఆ పక్కింటివాళ్ళు. చలికాలంలో కాస్త నెమ్మదించిన రోగం 1666 వేసవికి మళ్ళీ విజృంభించింది.

అప్పుడు ఊరి చర్చి ఫాదరీ విలియం మాంపెసన్ కొత్తవాడు, ముప్ఫై కూడా నిండలేదు. జనానికి గురి ఉన్నది అంతకుముందు పదవి పోగొట్టుకున్న థామస్ స్టాన్లీ మీద. ఆ ఇద్దరూ కలిసి ఊరిని ఒప్పించారు. పొలిమేర దాటి ఎవరూ వెళ్ళకూడదు, ప్రార్థన బయలులోనే, ఎవరింట్లో పోయినవాళ్ళని వాళ్ళే తమ పెరట్లోనో పొలంలోనో పూడ్చుకోవాలి. చుట్టుపక్కల వాళ్ళు సరుకులు తెచ్చి హద్దురాయి దగ్గర పెట్టిపోయేవారు. డెవన్‌షైర్ ప్రభువు కూడా తన కోట నుంచి తిండిగింజలు పంపాడు. రాయికి గుంటలున్నాయి. వాటిలో వెనిగర్ పోసి డబ్బులు వేసేవారు, రోగం అంటకూడదని. మనం పచ్చళ్ళలో వాడే వెనిగరే!

ఒక్క మాట నాకు మింగుడు పడలేదు. ఊరు మూసేముందే మాంపెసన్ తన ఇద్దరు పిల్లల్నీ బయటికి పంపేశాడు. తల్లినీ వెళ్ళమన్నాడు గాని ఆమె, కేథరిన్, భర్తని వదిలి వెళ్ళనంది. రోగులకి చేసి చేసి ఆగస్టులో తనూ పోయింది. ఆమె సమాధి చర్చి ఆవరణలోనే ఉంది. పిల్లల్ని పంపడం తప్పని నేననను, ఏ తల్లయినా పంపేది. కానీ పంపే వీలున్నవాళ్ళు ఎందరు?

వీలు లేనివాళ్ళ సంగతి ఊరికి అరమైలు దూరంలో, రైలీ అనే చోట తెలుస్తుంది. అక్కడ ఎలిజబెత్ హాన్‌కాక్ అనే రైతు ఇల్లాలు 1666 ఆగస్టులో ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ పోగొట్టుకుంది. సాయం వచ్చేవాళ్ళు లేరు. గుంతలు తనే తవ్వింది, మోయలేక ఒక్కొక్కరినీ లాక్కెళ్ళి తనే పూడ్చింది. చుట్టూ గుండ్రంగా రాతిగోడ, లోపల చిన్న చిన్న రాళ్ళు. నేను అక్కడ ఎంతోసేపు నిలబడలేకపోయాను. ఆమె బతికింది. తర్వాత షెఫీల్డులో పనిలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది.

నవంబరు నాటికి రోగం ఆగింది. మొత్తం 260 మంది పోయారని లెక్క. ఊరి జనాభా 350 అని పాత పుస్తకాలు రాస్తాయి, ఇప్పటి పరిశోధకులు దానికి రెట్టింపు ఉండేదంటారు. ఏ లెక్కయినా, పక్క ఊళ్ళకి రోగం పెద్దగా పాకలేదు.

వెళ్ళాలనుకుంటే ఆగస్టు చివర్లో వెళ్ళండి. ఆ నెల ఆఖరి ఆదివారం ప్లేగు ఆదివారం, బయల్లో ప్రార్థన చేస్తారు. ఆ రోజుల్లోనే బావులకి అలంకారం కూడా ఉంటుంది. చెక్కపలక మీద తడి మట్టి పరిచి, పూరేకులు ఒక్కొక్కటే అద్ది బొమ్మలు వేస్తారు. మన ముగ్గుల ఓపికే! 1994లో పెట్టిన మ్యూజియం కూడా ఉంది. రైలీకి దారి ఎగుడు, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, మడమలెత్తు చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి.