మహేంద్రగిరి లోయలో ఒక కార్తిక చతుర్దశి

భారతవర్షానికి కులపర్వతాలు ఏడని పురాణాలు పేర్కొంటాయి. మహేంద్రము, మలయము, సహ్యము, శుక్తిమంతము, ఋక్షము, వింధ్యము, పారియాత్రము అనే ఆ గణనలో ప్రథమనామం మహేంద్రానిదే. అయినప్పటికీ నేడు తీర్థయాత్రకు బయలుదేరే తెలుగువారిలో అత్యధికులు ఆ పర్వతాన్ని చూడనివారే. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు అంచున ఉన్న పాతపట్నానికి ఈశాన్యంగా, కొండల వరుసల వెనుక, 1501 మీటర్ల ఎత్తున మహేంద్రగిరి నిలిచి ఉంది. అక్కడ పుట్టిన నది పేరు మహేంద్రతనయ. తండ్రి పేరునే తన పేరుగా ధరించిన ఆ నది పర్లాకిమిడి, పాతపట్నం పట్టణాల చెంతగా పారి వంశధారలో లీనమవుతుంది.

పాతపట్నం సమీపగ్రామంలో నివసించే ఒక విశ్రాంత తెలుగు పండితునికి ఆ నదీజలం బాల్యం నుండి పరిచితమే. కార్తికమాసం నెలరోజులూ సాయంసంధ్యలో ఊరి రామాలయంలో ఆయన భారతపారాయణం చేస్తారు. ఆ సంవత్సరం అరణ్యపర్వంలోని తీర్థయాత్రాఘట్టం వచ్చింది. ధర్మరాజు సోదరసమేతంగా వైతరణిని దాటి, కళింగదేశం మీదుగా మహేంద్రపర్వతానికి చేరుకుంటాడు. పరశురాముడు అష్టమి, చతుర్దశి తిథులలో మాత్రమే తాపసులకు దర్శనమిస్తాడని అకృతవ్రణుడు చెబుతాడు. పాండవులు వేచి ఉండి, చతుర్దశినాడు భార్గవుని దర్శించి, ఆయనను పూజించి, ఆ రాత్రి అక్కడే గడిపి దక్షిణదిశగా సాగిపోతారు.

ఆ ప్రసంగంలో పండితుడు పరశురాముని భూదానాన్ని విస్తరించి చెప్పారు. ఇరవైయొక్కమార్లు జయించిన భూమండలాన్ని కశ్యపునికి ధారపోసిన మహాత్యాగాన్ని వర్ణిస్తుండగా సభలో కొందరి కన్నులు చెమర్చాయి. చివరి వరుసలో కూర్చున్న ఒక వృద్ధురాలు మాత్రం ఒక ప్రశ్న వేసింది.

"బాబూ, భూవంతా ఇచ్చేసినాయన రేత్రి మరెక్కడ తొంగున్నాడు?"

సభ నవ్వింది. పండితుడు నవ్వలేదు. ఆ ప్రశ్నకు సమాధానం వాల్మీకిరామాయణ బాలకాండలో ఉంది. దానం స్వీకరించిన కశ్యపుడు తన భూమిలో నివసించవద్దని ఆదేశించాడనీ, నాటి నుండి తాను రాత్రివేళ ఈ పుడమి మీద వసించననీ భార్గవుడు శ్రీరామునితో స్వయంగా చెబుతాడు. శ్రీరాముడు సంధించిన బాణానికి తపస్సుతో ఆర్జించిన లోకాలనైనా సమర్పిస్తాను గాని, గమనశక్తిని హరించవద్దని ప్రార్థిస్తాడు. మహేంద్రగిరికి మరలిపోవడానికి ఆయనకు ఆ గమనం అవసరం. ఇచ్చిన దానిలో నిలుచునే హక్కును సైతం మిగుల్చుకోకపోవడమే దానానికి పరిపూర్ణత్వం. పండితుడు ఈ వివరణను చక్కగానే చెప్పారు. చెబుతున్నప్పుడు మాత్రం కంఠంలో ఏదో అడ్డుపడినట్లయింది.

దానికి కారణం ఆ సభలో అందరికీ తెలుసు. తొమ్మిదేళ్లుగా ఆయనకూ తమ్మునికీ మధ్య న్యాయస్థానంలో వ్యాజ్యం నడుస్తోంది. తండ్రి ఇచ్చిన పొలాన్ని పంచుకున్నప్పుడు నడుమ వేసిన గట్టు ఒక వర్షాకాలంలో కొట్టుకుపోయింది. తిరిగి వేసినప్పుడు తమ్ముడు దానిని ఆరు సెంట్లమేర తనకు అనుకూలంగా జరిపాడన్నది అన్న ఆరోపణ. జరపలేదన్నది తమ్ముని వాదన. వారి తల్లి నెలలో పదిహేను రోజులు పెద్దకొడుకు ఇంటా, పదిహేను రోజులు చిన్నకొడుకు ఇంటా ఉండేది. తొమ్మిదేళ్లలో ఆ గట్టును దాటినవి ఆమె పాదాలు మాత్రమే. క్రిందటి కార్తిక అమావాస్యనాడు ఆమె కన్నుమూసింది. ఇప్పుడు సంవత్సరీకం సమీపించింది. విభక్తులైన సోదరులు కనుక ఇద్దరు పురోహితులు, రెండు పాకాలు, రెండు ఇళ్లు అని నిశ్చయమైపోయింది.

అమావాస్యకు ముందురోజు బహుళ చతుర్దశి, మాసశివరాత్రి. తల్లి తిథికి మహేంద్రగిరి నుండి జలం తీసుకురావాలని పండితుడు సంకల్పించారు. తెల్లవారుజామున నాలుగు గంటలకే ఒక జీపు మాట్లాడుకుని, నీలమణి దుర్గమ్మకు ఆలయం వెలుపలి నుండే నమస్కరించి బయలుదేరారు.

పాతపట్నం దాటగానే పర్లాకిమిడి వస్తుంది. ఒకప్పుడు ఈ రెండూ ఒకే జమీందారీలోనివి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు జమీందారీ రెండుగా చీలి, పర్లాకిమిడి అటూ పాతపట్నం ఇటూ ఉండిపోయాయి. సవరల భాషను వారి మధ్యనే అభ్యసించి, స్వంత ఖర్చుతో వారికి బడులు పెట్టించి, ఆ భాషకు వ్యాకరణాన్నీ నిఘంటువునూ నిర్మించిన గిడుగు వేంకట రామమూర్తి దశాబ్దాలపాటు నివసించినది ఈ పర్లాకిమిడిలోనే. ఆ విభజనను సహింపలేక ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఒక గీత గీయగానే స్వస్థలం పరస్థలమైపోతుంది. నది మాత్రం ఆ గీతను ఎన్నడూ గుర్తించలేదు.

కోయిన్‌పూర్ దాటిన తరువాత దారి నిట్టనిలువుగా మారింది. సూర్యోదయవేళకు లోయ విచ్చుకుంది. కొండవాలుల మీద రాతికట్టలతో అంతస్తులు అంతస్తులుగా సవరల వరిమళ్లు. కొన్నిచోట్ల పైరు కోతకు వచ్చింది, కొన్నిచోట్ల కోత ముగిసింది. పైనుండి దిగే సన్నని ఊటనీరు ఒక మడి నుండి మరొక మడిలోకి జాలువారుతోంది. జీపు ఇంజను చల్లారడానికి ఆపినప్పుడు, కట్టమీద జారిన రాళ్లను తిరిగి పేరుస్తున్న ఒక సవర వృద్ధురాలు కనిపించింది. జీపు నడిపే యువకునికి ఆమె భాష వచ్చు.

"ఈ మళ్లన్నీ ఒక్కరివేనా అని అడుగు నాయనా" అన్నారు పండితుడు.

యువకుడు అడిగి చెప్పాడు. "కావంట మేస్టారూ. పైది ఆవిడది, కిందిది మరిది గారిదట."

"నీళ్ల దగ్గర తగవులు రావా?"

ఆ మాటకు వృద్ధురాలు చేతిలోని రాయిని దించి, కట్టను చూపిస్తూ ఏదో చెప్పింది. యువకుడు నవ్వాడు. "పై మడి నిండితే కింది మడికి వదిలెయ్యాలట. వదలకపోతే తగువు సంగతి తరవాత, ముందు గట్టే తెగిపోద్దంట."

పండితుడు మరేమీ అడగలేదు. జీపు కదిలింది.

సవరలు తమ పూర్వులను మరణంతో ముగిసిపోయినవారిగా భావించరు. వారి సంప్రదాయంలో మృతులు పూజారిణిని ఆవహించి బంధువులతో సంభాషిస్తారు. నిష్ఠూరాలు పలుకుతారు, కోరికలు కోరుతారు, సమాధానపడతారు. గోడలమీద వారు లిఖించే చిత్రాలు ఆ పూర్వుల కొరకు కల్పించిన నివాసాలే. మన శ్రాద్ధవిధిలో భోక్తలయందు పితృదేవతలను ఆవాహన చేసే క్రియకు ఇది ఎంత దూరం? తల్లి ఎవరి ముఖంగానైనా ఒక్క మాట పలికే అవకాశముంటే, రెండు ఇళ్లలో వండిన రెండు పిండాలను చూసి ఆమె ఏమని ఉండేది? ఆ ప్రశ్న దారి పొడవునా పండితుని వెంట నడిచింది.

జీపు వెళ్లగలిగినంత దూరం వెళ్లి ఆగింది. అక్కడి నుండి నడక. మంచు ముఖాన్ని తాకుతూ కదులుతోంది. చెట్లు పలుచబడి, ఎత్తైన గడ్డినేలలు మొదలయ్యాయి. ఓషధీమూలికలకు ప్రసిద్ధమైన ఆ నేలపై గాలికి ఒక తెలియని పచ్చివాసన. కుంతీదేవి పేర ఒక ఆలయం, ధర్మరాజు పేర ఒకటి, అతిస్థూలమైన శిలాఖండాలతో నిర్మితమైన భీమాలయం మరొకచోట. అన్నీ శివాలయాలే. ఈ మహేంద్రశిఖరవాసి గోకర్ణస్వామిని తమ కులదైవంగా కొలిచిన తూర్పుగాంగులు తమ శాసనాలలో ఆ స్వామి నామాన్ని తరతరాలుగా స్మరించారు. మహాశివరాత్రికి ఇక్కడ వేలాదిజనం జాగరణ చేస్తారు. ఆనాడు మాత్రం గాలి తప్ప మరో శబ్దం లేదు.

ఈ పర్వతాన్ని జయించామని చాటుకున్నవారు ఎందరో. పదకొండవ శతాబ్దంలో రాజేంద్రచోళుడు ఇక్కడ జయస్తంభం నాటించాడు. చోళుల వ్యాఘ్రచిహ్నం, దానితో రెండు మీనాలు ఇక్కడి రాతిపై నేటికీ ఉన్నాయి. ఆ రాజ్యం లేదు. కాళిదాసు రఘువంశం చతుర్థసర్గలో రఘుమహారాజు మహేంద్రాధిపతిని జయించి, అతని సంపదను గ్రహించి, భూమిని మాత్రం అతనికే విడిచిపెడతాడు. ధర్మవిజయం అంటే అదే అని కవి అభిప్రాయం. భాగవతం ద్వాదశస్కంధంలో భూదేవి, తనను జయించామని తలచే రాజులను చూసి నవ్వుతుంది. మృత్యువు చేతి ఆటబొమ్మలు తనను తమదంటున్నాయని ఆమె ఆశ్చర్యం. ఈ ఘట్టాలన్నిటినీ పండితుడు ముప్పయ్యేళ్లు బడిలోనూ గుడిలోనూ బోధించారు. ఆరు సెంట్లు అందులో ఎక్కడా అడ్డురాలేదు. శాస్త్రజ్ఞానం వాక్కులో నిండుగా ఉండి, మమకారం హృదయంలో అంతే నిండుగా ఉండవచ్చునన్న సత్యం ఆయనకు ఆ మంచుగాలిలో మొదటిసారి భయం కలిగించింది.

కుంతి ఆలయం ముందు ఆయన చాలాసేపు కూర్చున్నారు. ధర్మరాజుకు కర్ణుడు తన అన్న అని తెలిసినది ఎప్పుడు? యుద్ధంలో కాదు, సంధిప్రయత్నాలలో కాదు. అంతా ముగిసి, గంగాతీరంలో మృతులకు జలతర్పణాలు విడిచే వేళ. ఆ వేళ కుంతి నోరు విప్పి, కర్ణునికి కూడా ఉదకం ఇమ్మని కోరింది. ఎవరి మరణాన్ని కోరుకున్నాడో ఆయనకే దోసిలి పట్టవలసి వచ్చింది ధర్మరాజుకు. రహస్యాన్ని దాచిన తల్లిని ఆయన నిందించాడు. కానీ పండితుని తల్లి ఏ రహస్యాన్నీ దాచలేదు. ఆయన తమ్ముడెవరో ఆయనకు పుట్టినప్పటి నుండీ తెలుసు. ధర్మరాజుకు తెలియక జరిగినది ఆయన తెలిసి తెలిసి చేస్తున్నాడు. రేపు తల్లికి విడిచే తిలోదకాల తరువాత, ఏదో ఒకనాడు ఒక సోదరుని చేతులలో మరొక సోదరుని పేర నీరు ఉంటుంది. ఆ నాటికి గట్టు ఎటు ఉంటేనేమి?

మధ్యాహ్నానికి మంచు విడిపోయింది. తూర్పున దూరంగా సముద్రం ఒక వెండిరేఖలా మెరిసింది. జీపు యువకుడు అటు చేయి చూపి, "బారువ ఆ పక్కనే మేస్టారూ. అక్కడ సముద్రంలో కలిసే ఏరుని కూడా మహేంద్రతనయే అంటారు" అన్నాడు. అది నిజమే. ఈ గిరి సముదాయం నుండి అదే పేరుతో రెండు నదులు దిగుతాయి. ఒకటి పర్లాకిమిడి వైపు తిరిగి వంశధారను చేరుతుంది. మరొకటి బారువ వద్ద నేరుగా సాగరసంగమం పొందుతుంది. ఒకే తండ్రి పేరు, రెండు దారులు. వంశధార సైతం చివరకు చేరేది ఆ సముద్రాన్నే.

పండితుడు కొండ ఊటలో రాగిచెంబు నింపి, గుడ్డతో మూతికట్టి దిగారు.

రాత్రి తొమ్మిది దాటింది. జీపును ఆయన తన ఇంటికి పోనివ్వలేదు. తమ్ముని వాకిలి ముందు ఆపించి, చెంబుతో దిగారు. తలుపు తీసిన మరదలు నిర్ఘాంతపోయి లోపలికి చూసింది. తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. దారి పొడవునా కూర్చుకున్న మాటలలో ఒక్కటీ పండితునికి అందిరాలేదు.

"అమ్మకి మహేంద్రగిరి నీళ్లు తెచ్చాను" అన్నారు. కొంతసేపటికి, "రేపు ఒక్కచోటే పెడదాంరా. మీ ఇంట్లోనే. గట్టు ఎక్కడుందో అక్కడే ఉండనీ" అన్నారు.

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెంబును రెండు చేతులా అందుకున్నాడు. "గట్టు సంగతి తరవాత. ముందు కాళ్లు కడుక్కో అన్నయ్యా" అన్నాడు.

మరునాడు అమావాస్యనాడు ఒకే పాకం, ఒకే పురోహితుడు. ఇద్దరు కొడుకులు ఒకే చెంబునీటితో తిలోదకాలు విడిచారు. తొమ్మిదేళ్ల నిష్ఠూరాలు ఒక్కపూటలో కరిగిపోలేదు. భోజనాల వేళ మాటలు తక్కువగానే నడిచాయి. వ్యాజ్యం ఉపసంహరణకు ఇంకా రెండు వాయిదాలు పట్టింది. త్యాగం ఒక్క క్షణంలో సంకల్పింపబడుతుంది గాని, దాని ఫలం పంటవలె కాలాన్ని అనుసరించే పండుతుంది.

తదుపరి పారాయణంలో పండితుడు ఆ వృద్ధురాలి ప్రశ్నను తానే మళ్లీ ప్రస్తావించారు. భూమినంతా ఇచ్చివేసినవానికి శయనించడానికి చోటెక్కడ అన్న ఆ ప్రశ్నకు ఈసారి శాస్త్రప్రమాణం చెప్పలేదు. ఇచ్చినవానికే నిద్ర పడుతుందమ్మా అని మాత్రం అన్నారు. ఈసారి సభ నవ్వలేదు. ముందువరుసలో తమ్ముడు కూర్చుని ఉన్నాడు.

ముముక్షువులకు మహేంద్రగిరి చేసే బోధ బహుశా ఇంతే. ద్రోణుడు ధనాపేక్షతో ఆ కొండకు చేరేనాటికి భార్గవుని వద్ద శరీరమూ శస్త్రాస్త్రాలూ తప్ప మరేమీ మిగలలేదని ఆదిపర్వం చెబుతుంది. అంత ఇవ్వగల శక్తి మనకు లేకపోవచ్చు. మన మడి నిండినప్పుడు నీటిని క్రిందికి వదలగలిగితే చాలు. పాతపట్నం చెంతనున్న ఆ పొలంలో గట్టు ఈనాటికీ ఉన్నచోటనే ఉంది. దాని మీద రాకపోకలు మాత్రం తిరిగి మొదలయ్యాయి.

శ్రీ గోకర్ణేశ్వరార్పణమస్తు.