గోరంత ఇనుము

2023 జూలై 13, గురువారం. ఢిల్లీ పాత ఇనుప వంతెన వద్ద యమునానది మట్టం ఆ సాయంకాలానికి 208.66 మీటర్లకు చేరింది. 1978 సెప్టెంబరులో నమోదైన 207.49 మీటర్ల రికార్డు అంతకు ముందురోజే చెరిగిపోయింది. మయూర్ విహార్ వద్ద పల్లపు భూముల్లో కూరగాయలు పండించుకొనే కుటుంబాలు పిల్లాపాపలతో రోడ్డు పక్కకు చేరి గుడారాలు వేసుకున్నాయి.

ఆ గుడారాల నడుమ, మధ్యాహ్నం వేళ, ఒక పెద్దమనిషి నిలబడి ఒక పడవ మోటారును తదేకంగా చూస్తున్నారు. ఆయన స్వస్థలం కోనసీమ. కేంద్ర ప్రభుత్వోద్యోగం మీద 1988లో ఢిల్లీ వచ్చి, పదవీ విరమణానంతరం అక్కడే స్థిరపడ్డారు. ఆ మోటారు పడవ వెనుక అంచున బిగించే రకం; కనీసం నలభై యేళ్ల పాతది. పడవవాని కొడుకు, పద్దెనిమిదేళ్ల కుర్రవాడు, తాడు లాగి లాగి అలసిపోయాడు. లాగినప్పుడల్లా తాడు ఎదురు తన్నుతున్నదే గాని మోటారు అందుకోవడం లేదు.

కుర్రవాని బాబాయి ముందురోజు రాత్రి నుంచి పల్లంలోని బోరు పంపు గది కప్పు మీద ఉన్నాడు. మేకలను వదలి రానన్నాడు. ఇప్పుడు రావాలన్నా దారి లేదు. సహాయ దళాల పడవలు మరికొన్ని చోట్ల జనాన్ని తరలిస్తున్నాయి. తెడ్లు వేసుకొని ఆ ప్రవాహానికి ఎదురు వెళ్లడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. నీరు ఇంకా పెరుగుతూనే ఉంది.

"ప్లగ్గులో నిప్పురవ్వ వస్తున్నదా?" అని అడిగారాయన.

"వస్తున్నది, బాబూజీ. పెట్రోలూ అందుతున్నది."

రవ్వ ఉంది, పెట్రోలు ఉంది, అయినా తాడు ఎదురు తన్నుతున్నది. అంటే రవ్వ రావలసిన క్షణంలో రావడం లేదన్నమాట. ఆయన పై మూత తీయించి, బరువైన ఫ్లైవీల్ మీద చేయి వేశారు.

చూసేవారికి అది ఉత్త ఇనుప చక్రం. కాని ఇటువంటి మోటారుకు ప్రాణం అందులోనే ఉంది. చక్రపు అంచు లోపల అయస్కాంతాలుంటాయి. దాని కింద కదలకుండా రాగి తీగచుట్ట ఉంటుంది. అయస్కాంతం కదిలితే తీగలో విద్యుత్తు పుడుతుందని 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇక్కడ పని చేస్తుంది. రెండు చిన్న పాయింట్లు సరిగ్గా తెరుచుకున్న క్షణాన తీగచుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు వద్ద రవ్వగా దూకుతాయి. బాటరీతో పని లేదు. పాత స్కూటర్లలో చాలావరకు నడిచింది కూడా ఈ ఏర్పాటుతోనే.

ఆ మోటారులో పాయింట్లను తెరిచే క్యామ్ చక్రపు బొడ్డు మీదనే ఉంది. చక్రం ఇరుసు మీద ఒక్క వెంట్రుకవాసి జరిగినా రవ్వ వేళ తప్పుతుంది. అలా జరగకుండా చూసేది అర్ధచంద్రాకారంలో ఉండే చిన్న ఇనుప కీ. పరిమాణం గోరంత.

కుర్రవాడు సుత్తి అందుకోబోయాడు. ఆయన వారించారు. ఇరుసు కొన మీద కొడితే మరలు చెడతాయి, బేరింగులు దెబ్బ తింటాయి. చక్రం మీద కొడితే అయస్కాంతాల బలం తగ్గుతుంది. త్రిలోక్‌పురి నుంచి వచ్చిన ఒక స్కూటరు మేస్త్రీ ఇనుప పట్టీకి మూడు బెజ్జాలు వేసి, మూడు బోల్టులతో చక్రానికి బిగించి, నడిమి బోల్టు తిప్పుతూ వచ్చాడు. టప్పుమని చక్రం వదిలింది. అనుకున్నట్టే కీ రెండుగా తెగి ఉంది.

ఢిల్లీలో మోటారు భాగాలకు పేరుపడ్డ కశ్మీరీ గేట్ ప్రాంతం ఆ రోజు నీటిలో ఉంది. కొత్త కీ దొరికే ఆశ లేదు.

"మేకు ముక్క పెట్టి బిగిద్దాం, బాబూజీ. ఒక్కసారి వెళ్లి వస్తే చాలు గదా," అన్నాడు కుర్రవాడు.

ఆ మాటకు ఆయన ముఖం మారిపోయింది.

1986 ఆగస్టులో గోదావరికి మహా వరద వచ్చింది. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడాయన వయసు ఇరవై నాలుగు. మేనమామ పడవల షెడ్డులో పని నేర్చుకుంటున్నారు. లంకలో ఇళ్ల కప్పులపై చిక్కినవారి కోసం ఒక సాయంత్రం మోటారు పడవ సిద్ధం చేస్తూండగా ఇదే కీ తెగింది. తొందరలో ఆయన మేకు ముక్క కోసి పెట్టారు; ఇరుసుపై గ్రీజు కూడా తుడవలేదు. మోటారు అరగంట నడిచింది. ఆ తరువాత చక్రం జారింది. గట్టి మేకు ఇరుసులోని గాడిని చీల్చివేసింది. పడవ చీకట్లో కొట్టుకుపోయి ఒక కొబ్బరితోటలో ఆగింది. తెల్లవారి మరొక పడవ వెళ్లి అందరినీ తెచ్చింది. ప్రాణాలేమీ పోలేదు. కాని ఒక ముసలమ్మ ఒడ్డున దిగి, ఆయనను చూచి అడిగింది: "రాత్రి మోటారు చప్పుడు వినపడింది నాయనా. వస్తున్నారనుకున్నాం. ఎందుకాగిపోయింది?"

ఆ ప్రశ్నకు ఆయన వద్ద నాడు జవాబు లేదు. ముప్ఫైయేడేళ్లుగా అది ఆయన వెంటనే ఉంది.

"మేకు వద్దు, బేటా," అన్నారాయన మెల్లగా. "ఒక గంట ఆలస్యమైనా సరే."

స్కూటరు మేస్త్రీ తన డబ్బాలో వెదకి పాత స్కూటరు కీ ఒకటి తీశాడు. అది కొంచెం మందం. ఆయన నేల మీద చతికిలబడి దానిని ఆకురాయితో రాయసాగారు. రెండు రాపిళ్లకొకసారి గాడిలో పెట్టి చూడడం, మళ్లీ రాయడం. ఎక్కువ రాస్తే వదులవుతుంది. వదులైతే మళ్లీ మొదటికే వస్తుంది. ఈలోగా కుర్రవాని చేత ఇరుసు వాలును, చక్రపు బొడ్డును పెట్రోలుతో కడిగించి, పొడిగుడ్డతో తుడిపించారు.

"చక్రాన్ని పట్టి ఉంచేది కీ కాదు," అని చెప్పారు పని చేస్తూనే. "ఈ వాలు మీద బిగుసుకొన్న ఇనుమే చక్రాన్ని పట్టి ఉంచుతుంది. కీ దాని చోటు చూపిస్తుంది, అంతే. మధ్యలో గ్రీజు ఉన్నా, పైన నట్టు వదులైనా బరువంతా కీ మీద పడి తెగుతుంది. మీది అలాగే తెగింది."

పాయింట్లను సన్నని ఉప్పుకాగితంతో శుభ్రపరచి, వాటి మధ్య ఎడం సుమారు అర మిల్లీమీటరు ఉండేట్టు సరిచూశారు. కీ గాడిలో కూర్చుంది. నట్టును మేస్త్రీ తన బలమంతా పెట్టి బిగించాడు.

మొదటి లాగుకు మోటారు దగ్గింది. రెండవ లాగుకు అందుకుంది.

తండ్రీ కొడుకులు పడవ ఎక్కారు. ఆయన ఒడ్డుననే నిలిచిపోయారు. పడవ చెట్ల వెనుక కనుమరుగైంది. చప్పుడు మాత్రం వినవస్తున్నది. ఆయన కళ్లు మూసుకొని ఆ చప్పుడునే వింటూ ఉండిపోయారు. అది సన్నగిల్లింది, దాదాపు వినరానంతగా తగ్గింది, కొంతసేపటికి మళ్లీ పెరగసాగింది.

చీకటి పడే వేళకు పడవ ఒడ్డు చేరింది. అందులో ఒక మనిషి, రెండు మేకలు. ఆ మనిషి దిగుతూనే అన్నాడు: "పొద్దుటి నుంచి ఎన్నో పడవల చప్పుళ్లు విన్నాను. అన్నీ దూరంగానే పోయాయి. ఇది ఆగకుండా దగ్గరకు వస్తూంటే, ఇక భయం లేదని లేచి నిలబడ్డాను."

ఆయన ఏమీ అనలేదు. నూనె మరకల చేతులను గుడ్డతో తుడుచుకుంటూ అటు తిరిగి నిలబడ్డారు.

నీరు తగ్గి బజారు తెరిచాక కుర్రవాడు వెళ్లి సరైన కొలత గల కీలు రెండు తెచ్చాడు. ఒకటి ఆయన ఎదుటనే మోటారులో బిగించాడు. రెండవదానిని మైనపు గుడ్డలో చుట్టి, చిన్న డబ్బాలో పెట్టి, పడవ ముక్కు వద్ద కట్టాడు. అందుకు ఎవరూ చెప్పవలసిన అవసరం కలగలేదు.